భూగోళపాఠము – మాయాదర్శనము
గూగులు సంస్థ 2015లో వెలువరించిన ‘ఎక్స్‌పెడిషన్స్’ అను వర్చువల్ రియాలిటీ పాఠములు బాలబాలికలను తరగతిగది విడువకయే చైనా మహాకుడ్యమునకును సముద్రగర్భమునకును గొనిపోయినవి. పటము వల్లించుటకంటె నిది మేలని మే మొప్పుకొందుము. కాని యందు కన్ను తిరుగును, కాలు కదలదు, మన్ను చేతి కంటదు. పైగా 2021లో సంస్థ దానిని నిలిపివేసెను. దానినే నమ్మిన పాఠశాలకు మిగిలిన దేమి?

ధవళేశ్వరముకడ గోదావరి గౌతమీ వసిష్ఠలుగా చీలుటయు, 1852లో పూర్తియైన కాటను ఆనకట్టకు బదులుగా నేడున్న బ్యారేజినుండి కాలువలు పొలములకు బాఱుటయు, వఱద దించిన యొండ్రు లంకయగుటయు మన యందుబాటుననే యున్నవి. చేత నొండ్రు నలిపిన బిడ్డకే యద్దములలోని దూరదేశపు నది బోధపడును. ఆడపిల్లలను గట్టుకు బంపనొల్లని తలిదండ్రులు యంత్రమే చాలునందురేమో. ఆ మాట మే మంగీకరింపము. ముందు గోదావరిగట్టు, పిమ్మట యంత్రము: ఇదియే క్రమము.