నడుము ముందా, చెయ్యి ముందా

వాన వెలిసిన శనివారం సాయంత్రం. దక్షిణ కోల్‌కతాలో ఒక రిహార్సల్ హాలు. నలభై ప్లాస్టిక్ కుర్చీలు, స్టాండు మీద మైకు, పక్కన స్టూలు, స్టూలు మీద నీళ్ళ సీసా. క్వియర్ కళాకారులు పెట్టుకున్న రంగస్థల ఉత్సవం అది. నాట్యం అయింది, నాటిక అయింది. ఇక మిగిలింది గంటసేపు ఒక్క మనిషి చేసే కామెడీ. ఆఫీసులో పనిచేసే బెంగాలీ కుర్రాడు లాక్కెళ్తే వెళ్ళాను. అతనికి తెలియని కారణం ఇంకోటి ఉంది. నేను మిమిక్రీ చేస్తాను. పొట్టకూటికి కాదు, పెళ్ళిళ్ళలో, ఉగాది వేడుకల్లో. నేరెళ్ళ వేణుమాధవ్ గారి వరంగల్లులో పుట్టి పెరిగినవాడికి ఈ జబ్బు అంటుకోకుండా ఉండటం కష్టం.

మైకు ముందు ఒంటరిగా నిలబడి నవ్వించడం ఎంత పనో చేసినవాడికే తెలుసు. నాటకంలో పద్యం మరిచిపోతే పక్కవాడు అందిస్తాడు, హార్మోనియం మాస్టారు కాసేపు కప్పిపుచ్చుతాడు. ఇక్కడ పక్కన ఉండేది నీళ్ళ సీసా ఒక్కటే. అలాగని మనకిది కొత్త విద్యా కాదు. ఖాకీ నిక్కరు, కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీతో పిట్టలదొర ఊరి నడుమ నిలబడి తన ఆస్తిపాస్తుల గురించి కోతలు కోస్తాడు. లత్కోర్ సాబ్ అని కూడా అంటాం. తన మీద తానే నవ్వించుకుంటున్నట్టు కనిపిస్తాడు గానీ, జనం నవ్వుకునేది ఆ వేషం ఎవరిదో ఆ దొరల మీద.

ఆ రోజు మైకు దగ్గరికి వచ్చిన మనిషికి ముప్పై ఏళ్ళుంటాయేమో. కుర్తా, జీన్సు, కళ్ళకు కాటుక. బెంగాలీలో మొదలుపెట్టి హిందీలోకి, ఇంగ్లీషులోకి దూకుతూ నడిపాడు. నా బెంగాలీ చేపల బజారు దాటి ఎదగలేదు, అయినా అందింది.

వాళ్ళమ్మకు ఐదుగురు అక్కచెల్లెళ్ళట. అతని సంగతి ఐదుగురు మాసీలకూ తెలుసు. కానీ ఒక్కో మాసీ అతన్ని విడిగా గదిలోకి పిలిచి, మిగతా నలుగురికీ చెప్పకు, తట్టుకోలేరు అని ఒట్టు వేయించుకుంది. ఇక్కడ ఆగాడు. సీసా మూత తిప్పాడు, రెండు గుక్కలు తాగాడు, మూత పెట్టాడు. హాల్లో చడీచప్పుడు లేదు. అప్పుడు అన్నాడు: "మా ఇంట్లో రహస్యం దాస్తున్నది నేను కాదు, వాళ్ళు. నేను ఊరికే కూర్చుని చేప తింటున్నాను."

మొదట వెనక వరసలో ఒకావిడ నవ్వింది, తర్వాత అందరూ. పక్కవాడు లేడన్నాను కదా, తప్పు. ఆ సీసాయే పక్కవాడు. అది లేకపోతే ఆ నాలుగు క్షణాలు అతను ఎక్కడ దాచేవాడు? నాకు ఇన్నేళ్ళకూ ఆగడం రాలేదు. నవ్వు కాస్త ఆలస్యమైతే కంగారుపడి వెంటనే ఇంకో గొంతు అందుకుంటాను.

తర్వాత తనను వెక్కిరించేవాళ్ళ దగ్గరికి వచ్చాడు. చిన్నప్పుడు లేడీస్ అనేవారు, కాస్త పెరిగాక బౌది, అంటే వదిన. ఆ తర్వాత ఋతుపర్ణో.

ఈ చివరి పేరు తిట్టెలా అయిందో తెలుగువాళ్ళకు చెప్పాలి. 2013 మే 30న, యాభై నిండకుండానే వెళ్ళిపోయిన ఋతుపర్ణో ఘోష్ బెంగాలీ సినిమాకు పెద్ద దర్శకుడు. మాట మెత్తన, వేషం తనకు నచ్చినట్టు. టీవీ హాస్యగాడు మీర్ ఆయన గొంతును, తీరును అనుకరిస్తూ బాగా నవ్వించాడు. ఆయన 'ఘోష్ అండ్ కంపెనీ' అనే తన కార్యక్రమానికి ఆ మీర్‌నే అతిథిగా పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని నిలదీశాడు. అడిగిన దాని సారం ఇది: నువ్వు అనుకరిస్తున్నది నన్నా, లేక నా తీరులో ఉండే అందరు మగపిల్లలనా? వాళ్ళకు ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా? మిమిక్రీ చేసే ప్రతివాడూ వినవలసిన ప్రశ్న అది. మన దగ్గర ఎవరినైనా అలా పిలిచి కూర్చోబెట్టి ఎవరైనా అడిగారా? నాకు గుర్తులేదు.

స్టేజీ మీది మనిషి మాత్రం నిలదీయలేదు. అతని దారి వేరు. "వాళ్ళు నన్ను అనుకరిస్తుంటే ఏడుపొచ్చేది. మరీ అంత చెత్తగా చేస్తున్నారని." అని, వీధిలో కుర్రాడు తనను ఎలా వెక్కిరిస్తాడో చేసి చూపించాడు. ముందు మణికట్టు వాల్చి, తర్వాత నడుము తిప్పి. ఆగి, మేస్టారులా తల అడ్డంగా ఊపాడు. "దాదా, చెయ్యి ముందు కాదు. నడుము ముందు. పదిహేనేళ్ళుగా చేస్తున్నావు, ఒక్కసారి వచ్చి అడగొచ్చు కదా. ఎదురింట్లోనే ఉంటాను."

హాలు పగిలిపోయింది. నేనూ నవ్వాను. సగం నవ్వులో ఆగిపోయాను. ఎందుకంటే నేనూ చెయ్యే ముందు వాలుస్తాను.

నా దగ్గర ఒక నిమిషం 'తేడా' ఐటం ఉంది. కాలేజీ రోజుల నుంచీ అదే ఆఖరు, చప్పట్లు దానికే ఎక్కువ. ఎవరిని చూసి నేర్చుకున్నాను? ఏ మనిషినీ కాదు. ఒక సినిమా హాస్యనటుణ్ణి చూసి. ఆయన ఇంకో సినిమాలో ఇంకొకరిని చూసి ఉంటాడు. వేణుమాధవ్ గారు ఒక నటుడి గొంతు పలికితే ఆ నటుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో కూడా అందులో వినిపించేది. వినడం చేతకానివాడికి మిమిక్రీ లేదు. నా ఐటంలో నేను విన్నవాడు ఎవడూ లేడు.

ఆడ నడక పట్టిన మగవాణ్ణి చూసి జనం ఎప్పుడూ వెక్కిరించలేదు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా జడ ముందుకు వేసుకుంటే జనం చేతులెత్తి మొక్కారు. ఆ నడక వెనక ఆయన ఏళ్ళ సాధన ఉంది. ఈ ఊళ్ళోనూ జాత్రా నాటకాల్లో నాయిక వేషాలు కట్టిన చపల్ భాదురిని చపల్ రాణీ అని నెత్తిన పెట్టుకున్నారు, ఆడవాళ్ళు ఆ వేషాలకు వచ్చాక మరిచిపోయారు. వేషానికి వేసిన దండ మనిషి మెడ దాకా రాలేదు.

చివరి పది నిమిషాలు నాకు నచ్చలేదు. కామెడీ ఆపి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద ఇచ్చిన తీర్పు మాట వచ్చింది, చప్పట్లు పడ్డాయి. చప్పట్లు మర్యాదకైనా కొట్టవచ్చు, నవ్వుకు ఆ సౌకర్యం లేదు. అదే సంగతి మాసీల నోట చెప్పించి ఉంటే ఎంత బాగుండేది! అయితే 1999 జులై 2న పదిహేను మంది పసుపు పచ్చ టీషర్టులు వేసుకుని ఈ దేశంలో మొదటి ప్రైడ్ నడక నడిచింది ఈ ఊళ్ళోనే. వాళ్ళ చప్పట్లు వాళ్ళిష్టం, బయటినుంచి వచ్చిన నేను లెక్కలు కట్టడమేమిటి అని సర్దుకున్నాను.

బయట మట్టి ముంతలో టీ తాగుతుంటే ఆ కళాకారుడు పక్కకే వచ్చి నిలబడ్డాడు. నేను కూడా మిమిక్రీ చేస్తానని చెప్పాను. "అచ్ఛా! ఏమేం చేస్తారు?" అన్నాడు. రైలింజను, ఎన్టీఆర్, పెళ్ళి బ్యాండు అన్నాను. నాలుగోది చెప్పలేదు.

పోయిన నెల హనుమకొండలో మేనకోడలి పెళ్ళి. భోజనాలయ్యాక మైకిచ్చారు. "మామా, ఆ తేడాది!" అని వెనకనుంచి అరిచారు. చేయలేదు. రైలింజను చేసి, ఎన్టీఆర్ చేసి దిగాను. చప్పట్లు తక్కువే పడ్డాయి.