శీర్షికయు, కర్తల పేర్లును

గత వేసవిలో నా పూర్వశిష్యుడొకడు గుంటూరు మిరపపొలముల మీద జరిగిన పరిశోధనవ్యాసమొకటి తెచ్చి చూపెను. శీర్షిక "మిరపపంటకు సంబంధించిన కొన్ని అంశముల పరిశీలనము". దాని క్రింద ఆరు పేర్లు, వానిది ఐదవది. రెండేండ్లు ఎండలో నిలిచి బొబ్బర తెగులు సోకిన మొక్కలను లెక్కించినవాడు వాడే. మొదటి పేరు ఎవరిదని యడిగితిని. "పెద్దవారిదండీ మాస్టారూ. వారింకను చదువలేదు" అనెను.

ఏ అంశములో, ఏమి తేలెనో శీర్షిక చెప్పదు. తప్పు దొరలినచో ఎవరిని అడుగవలెనో పేర్ల వరుస చెప్పదు. పుస్తకము తెఱవకమునుపే పాఠకుడు చదువునవి ఈ రెండే గదా!

భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి వ్యాసములను చూడుడు. 1925లో ఆయనయు గురువు ఫిస్కేయు కలిసి ప్రకటించిన దాని శీర్షికకు, రంగును బట్టి భాస్వరపరిమాణమును నిర్ణయించుట యని యర్థము. ఏమి కొలిచిరో, ఎట్లు కొలిచిరో అందే యున్నది. కర్తలిద్దరే; ఆ పద్ధతికి ఇద్దరి పేర్లును నిలిచినవి. 1929లో వారు కండరములలోని ఏ.టి.పి.ని గూర్చి వ్రాసిన వ్యాసమునకు మాత్రము "కండరములందును కాలేయమునందును గల భాస్వరసమ్మేళనములు" అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. అంత గొప్ప సంగతి అంత మెత్తని పేరు చాటున దాగినది.

1946లో ఫోలిక్ ఆమ్లపు నిర్మాణమును తెలిపిన వ్యాసమున పదునాఱు పేర్లు గలవు. రెండు జట్లు, ఒక్కొక్క జట్టున అక్షరక్రమము. లెడర్లీ పరిశోధనశాలకు పరిశోధనాధ్యక్షుడైన సుబ్బారావుగారు అందు ఏడవవారు! క్రమము న్యాయమైనదే, కాని ఎరుగనివాడు దానిని యోగ్యతాక్రమ మనుకొనును. పంక్తిలో మొదట కూర్చున్నవానికే నేయి ముందు పడునని మనవారి నమ్మకము గదా.

ఈ విషయమున మన పూర్వులు మోటువారు కారు. నన్నయ తనకు నారాయణభట్టు చేసిన సాయమును భారతావతారికలోనే, అర్జునునకు కృష్ణుడు తోడైనట్లని చెప్పెను. అతనిని సహకర్తగా మాత్రము చేర్చలేదు. అద్దంకి రెడ్డిరాజుల కవి ఎఱ్ఱన, నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును నన్నయ రచనయో యనునట్లు పూరించి, మూడువందల యేండ్ల క్రిందటి రాజరాజనరేంద్రునకే అంకితము చేసెను. "అదిగో, వినయము! నేటి కుఱ్ఱవాండ్రకు పేరు మీద ఆశ యెందులకు?" అని పెద్దలందురు. ఎఱ్ఱన తన యిచ్ఛచే తగ్గెను. ఈ కుఱ్ఱవానిని ఇతరులు తగ్గించుచున్నారు. రెంటికిని పోలిక లేదు. పైగా వాని ఉద్యోగపు దరఖాస్తును చూచువారు మొదటి పేరునే చూతురు.

పొలము నిచ్చినవారికిని, ధనము సమకూర్చినవారికిని నారాయణభట్టునకు వలె కృతజ్ఞత చెప్పవచ్చును. కర్త యనిపించుకొనువాడు పని చేయవలెను, వ్యాసమును చదువవలెను, ప్రశ్నకు బదులు పలుకవలెను. ఎవరేమి చేసిరో విడివిడిగా వ్రాయుడని నేడు అనేక శాస్త్రపత్రికలు కోరుచున్నవి, మంచి పద్ధతి.

ఇదంతయు చెప్పి, తెగులు పేరును, ఊరి పేరును, తేలిన ఫలమును శీర్షికలో పెట్టుమంటిని. వాడు ఆ రాత్రియే మార్చెను. పేర్ల సంగతి అడుగుటకు ఇంకను జంకుచున్నాడు.