బూడిద నీళ్లకు ఏ ఇనుము?

విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో కడప, కర్నూలు రాళ్ల గురించి పెద్ద గ్రంథం వెలువరించాడు. వేంపల్లె, నార్జి, బనగానపల్లె లాంటి మన ఊళ్ల పేర్లు ఈనాటికీ భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో రాతిపొరల పేర్లుగా కనిపిస్తాయి. బనగానపల్లె పొర క్వార్ట్‌జైటు. ఒకప్పుడు వజ్రాల కోసం తవ్వింది దాని అడుగునున్న గులకరాళ్ల పొరనే. నార్జిది సున్నపురాయి, ఇళ్లలో పరుచుకునే నాపబండల జాతి. ఇనుప మేకు తీసుకుని రెండింటి మీదా గీసి చూడండి. నాపబండ మీద తెల్లటి గీత పడుతుంది. క్వార్ట్‌జైటు మీద మేకే అరిగి నల్లటి ఇనుప మరక అంటుతుంది. కాఠిన్యాన్ని కొలిచే మోస్ లెక్కలో సున్నపురాయి 3 దగ్గర, మేకు నాలుగున్నర దగ్గర, క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటాయి.

స్లర్రీ పంపుకు ఏ లోహం వేయాలన్న ప్రశ్న ఈ మేకు దగ్గరే మొదలవుతుంది. రాతిపొడి, బూడిద, ఇసుక, ఖనిజం కలిసిన నీటిని తోసే పంపు ఇది. సూత్రం మామూలు సెంట్రిఫ్యూగల్ పంపుదే. కాకపోతే గోడలు మందంగా, ఇంపెల్లర్ రెక్కలు తక్కువగా, లావుగా ఉంటాయి. లోపల ఈ మడ్డి తగిలే చోటల్లా విప్పి మార్చుకునే లైనర్లు ఉంటాయి. అంటే అరుగుతుందని ముందే ఒప్పుకుని కట్టిన యంత్రం. సరైన లోహం పడితే ఇంపెల్లర్ నెలల తరబడి తిరుగుతుంది, తప్పుడు లోహం పడితే వారాల్లోనే రెక్కలు కాగితంలా పలచబడతాయి.

ఈ విద్య నేర్చుకోవడానికి పాత కడప, కర్నూలు జిల్లాలను మించిన చోటు తెలుగునాట లేదని నా అభిప్రాయం. గట్టి రాయి, మెత్తటి రాయి, బరువు రాయి, వేడి సోడా, ఉప్పు నీరు, బూడిద అన్నీ కొన్ని గంటల ప్రయాణంలో దొరుకుతాయి. జిల్లాల విభజనలో వీటిలో కొన్ని పక్క జిల్లాల లెక్కలోకి వెళ్లాయి. రాళ్లకు ఆ సంగతి తెలియదు.

బూడిదతో మొదలుపెడదాం. ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో ఉన్న రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టులో మొదటి 210 మెగావాట్ల యూనిట్ 1994లో వచ్చింది. 2018లో 600 మెగావాట్ల యూనిట్ కలిశాక మొత్తం సామర్థ్యం 1650 మెగావాట్లయింది. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. 210 మెగావాట్ల యూనిట్ నిండు లోడు మీద నడిస్తే గంటకు సుమారు 50 టన్నుల బూడిద తేలుతుంది. అందులో దాదాపు నాలుగు వంతులు పొగతో పైకి పోయే సన్నటి ఫ్లై యాష్, ఒక వంతు బాయిలర్ అడుగున పడే బాటమ్ యాష్. ఫ్లై యాష్‌ను పొడిగా పట్టుకుంటే సిమెంటు ఫ్యాక్టరీలు తీసుకుంటాయి. అడుగు బూడిదను మాత్రం గ్రైండరులో నలగ్గొట్టి, నీళ్లు కలిపి, పైపుల్లో బూడిద చెరువు దాకా తోయడమే పాత రివాజు.

మైక్రోస్కోపు కింద ఈ రెండు బూడిదలకూ పోలికే ఉండదు. ఫ్లై యాష్‌లో ఎక్కువగా గుండ్రటి గాజు పూసలుంటాయి. అడుగు బూడిదలో కరిగి గడ్డకట్టిన పదునైన ముక్కలు, మధ్య మధ్య క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. పంపును కోసేది ఈ రెండోదే. దీనికి మామూలు పోత ఇనుము ఆగదు, స్టెయిన్‌లెస్ స్టీలూ ఆగదు. ఇక్కడ వాడేది హై క్రోమ్ ఇనుము, క్రోమియం 27 శాతం దాకా ఉండే తెల్ల పోత ఇనుము. సానపట్టి మైక్రోస్కోపు కింద పెడితే సున్నపు గచ్చులో గులకరాళ్లు పొదిగినట్టు ఉంటుంది దాని నిర్మాణం. గులకరాళ్ల స్థానంలో క్రోమియం కార్బైడ్లు, గచ్చు స్థానంలో గట్టిపడిన ఉక్కు. వికర్స్ కొలతలో క్వార్ట్జ్ సుమారు 1100. పాత తరహా తెల్ల ఇనుములోని కార్బైడు 1000 అటూ ఇటూ, కాబట్టి క్వార్ట్జ్ దాన్ని గీయగలదు. క్రోమియం కార్బైడు 1300 నుంచి 1800 దాకా ఉంటుంది, దాని మీద క్వార్ట్జ్ పప్పులు ఉడకవు. నికెల్ 4 శాతం, క్రోమియం 2 శాతం కలిపిన నై-హార్డ్ ఇనుము చాలాకాలం రాజ్యమేలి, చివరికి హై క్రోమ్‌కు చోటిచ్చింది ఈ తేడా వల్లే.

గట్టిదనానికి మూల్యం పెళుసుదనం. హై క్రోమ్ లైనర్ బిగుసుకుపోయిందని సుత్తితో కొడితే పగులుతుంది. గ్యాస్ కట్టరుతో ఒక పక్క వేడిచేసినా పగులుతుంది. మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద జారుతుంది. చిల్లి పడిన చోట వెల్డింగు పెట్టించి ఇంకో నెల లాగుదామనే ఆలోచన ఈ లోహం దగ్గర చెల్లదు, వెల్డు పక్కనే కొత్త పగులు పుడుతుంది. గ్రైండరు తప్పించుకుని పెద్ద క్లింకరు గడ్డో, ఊడిన బోల్టో లోపలికి వచ్చే వ్యవస్థ అయితే ముందు దాన్ని ఆపే జల్లెడ సంగతి చూసుకోవాలి.

లోహం గురించి ఇంత మాట్లాడతాం గానీ, దానికంటే పెద్ద సంగతి వేగం. మడ్డి వల్ల అరుగుదల వేగానికి రెండున్నర నుంచి మూడో ఘాతంలో పెరుగుతుంది. 600 మిల్లీమీటర్ల ఇంపెల్లర్ నిమిషానికి 750 చుట్లు తిరిగితే రెక్క కొస వేగం సెకనుకు 23.6 మీటర్లు. అదే ఇంపెల్లర్ 1450 చుట్లు తిరిగితే 45.6 మీటర్లు. వేగం రెండింతలైనా కాలేదు, అరుగుదల మాత్రం ఐదు నుంచి ఏడు రెట్లు. అందుకే దూరంలో ఉన్న బూడిద చెరువుకు ఒక్క పంపును విపరీతమైన వేగంతో తిప్పకుండా రెండు మూడు పంపుల్ని వరుసగా పెట్టి నెమ్మదిగా తోస్తారు. చిన్న పంపు కొని వేగంగా తిప్పితే కొనుగోలు ధర తగ్గుతుంది, ఆ మిగులంతా స్పేర్ల బిల్లులో తేలుతుంది. తక్కువ ధర కోట్ చేసినవాడికే ఆర్డరు ఇచ్చే టెండరు పద్ధతికి ఈ లెక్క కనబడదు. గంటకు ఎంత ఖర్చు పడింది, అంటే స్పేర్లు, కరెంటు, ఆగిన కాలం అన్నీ కలిపి తిరిగిన గంటలతో భాగిస్తే ఎంత వచ్చింది అని టెండరులో ఒక్క గడి పెడితే సగం తప్పుడు కొనుగోళ్లు ఆగిపోతాయి.

ఇక రబ్బరు. రాతిపొడికి రబ్బరు అడ్డుపెట్టడమేమిటని కొత్తవాళ్లకు నవ్వొస్తుంది. ఆస్ట్రేలియా పశ్చిమ ఎడారిలోని బంగారు గనుల ఊరు కాల్‌గూర్లీలో చార్లెస్ వార్మన్ 1938లో స్లర్రీ పంపుల వ్యాపారం మొదలుపెట్టాడు. విప్పి మార్చుకునే రబ్బరు లైనర్ల పంపు ఆయన పేరు మీదే గని పరిశ్రమలో స్థిరపడిపోయింది. సన్నటి రేణువు వచ్చి తగిలినప్పుడు సహజ రబ్బరు లొంగి, ఆ దెబ్బ శక్తిని మింగి, రేణువును తిప్పి విసిరేస్తుంది. సన్నటి ఇసుకలో అది హై క్రోమ్ కంటే ఎక్కువ కాలం ఆగిన సందర్భాలు కొల్లలు. కానీ షరతులున్నాయి. రేణువు సుమారు 6 మిల్లీమీటర్లు దాటకూడదు, పదునుగా ఉండకూడదు. రెక్క కొస వేగం సెకనుకు 25 మీటర్ల చుట్టుపక్కలే ఆగాలి. వేడి 70 డిగ్రీలు దాటకూడదు. నూనె, డీజిలు తగిలితే సహజ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. షరతుల్లో ఒక్కటి తప్పినా లైనర్ ముక్కలై పైపులో చేరుతుంది.

తీసేసిన లైనర్‌ను పాతసామాను గుట్ట మీద పారేసే ముందు పది నిమిషాలు చూడటం మంచి ఫిట్టర్ల అలవాటు. లోహం మీద ఒకే దిశలో మెరిసే అలల్లాంటి గాళ్లుంటే అది శుద్ధంగా రాపిడి పని. స్పాంజిలా చిన్నచిన్న గుంతలుండి, ఆ గుంతల్లో తుప్పు రంగు ఉంటే రసాయనం చేయి ఉంది. రెక్క మొదట్లో గుంతలు పడి, మెరుపు లేకుండా గరుగ్గా ఉంటే సక్షన్ సరిగా అందక పుట్టిన కేవిటేషన్, దానికి లోహం మార్చి లాభం లేదు, సంప్‌లో నీటిమట్టం పెంచాలి. రబ్బరు మీద కత్తి గాట్లుంటే పెద్ద ముక్కలు వస్తున్నాయి. మెత్తబడి ఉబ్బితే నూనె. ఇంపెల్లర్‌కూ ముందున్న థ్రోట్ బుష్‌కూ మధ్య సందు పెరిగితే మడ్డి వెనక్కి తిరిగి అక్కడే గిరగిరా తిరుగుతూ రెండింటినీ తింటుంది. బేరింగ్ హౌసింగును ముందుకు జరిపి ఆ సందు సరిచేసుకునే ఏర్పాటు చాలా పంపుల్లో ఉంటుంది. ఖర్చు లేని పని. ఎక్కువమంది మరచిపోయే పనీ ఇదే.

రసాయనం దగ్గరికొస్తే తుమ్మలపల్లెకు వెళ్లాలి. పులివెందుల వైపు వేముల మండలంలో యురేనియం కార్పొరేషన్ గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో పని మొదలైంది. ఇక్కడి ఖనిజం వేంపల్లె పొరలోని డోలమైటు రాతిలో ఉంది. జార్ఖండ్‌లోని జాదూగూడలో యురేనియాన్ని కరిగించేది సల్ఫ్యూరిక్ యాసిడ్. ఆ యాసిడ్‌ను ఇక్కడ పోస్తే యురేనియం జోలికి పోకముందే డోలమైటు తాగేస్తుంది. అందుకే తుమ్మలపల్లెలో సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంలో, 125 డిగ్రీలకు పైగా వేడిలో, ఒత్తిడి కింద ఆక్సిజన్ పంపి కరిగిస్తారు.

రాయి మారింది కాబట్టి రసాయనం మారింది, రసాయనం మారితే పంపు లోహం లెక్కా తలకిందులవుతుంది. యాసిడ్ మడ్డిలో హై క్రోమ్ ఓడిపోతుంది. దానిలో 27 శాతం క్రోమియం ఉన్న మాట నిజమే. అందులో చాలా భాగం కార్బైడ్లలో బందీ అయిపోతుంది, చుట్టూ ఉన్న ఉక్కును కాపాడటానికి మిగిలేది తక్కువ. పీహెచ్ 5 కిందికి దిగితే యాసిడ్ ఆ ఉక్కును తినేస్తుంది, ఆధారం పోయిన కార్బైడ్లు రాలిపోతాయి. అక్కడ చల్లటి మడ్డికైతే రబ్బరు, లేకపోతే డ్యూప్లెక్స్ స్టెయిన్‌లెస్, క్రోమియం ఇంకా పెంచి కార్బన్ తగ్గించిన ప్రత్యేక ఇనుములు కావాలి. సోడా మడ్డిలో పరిస్థితి వేరు. క్షారం ఇనుముకు శత్రువు కాదు, పైపెచ్చు కాపలా. మడ్డి వల్ల జరిగే నష్టంలో తుప్పు వాటా ఎంతో తేల్చడానికి ప్రయోగశాలలో అదే మడ్డిలో కాస్టిక్ సోడా కలిపి పరీక్ష మళ్లీ చేస్తారు. తగ్గిన అరుగుదలంతా తుప్పు ఖాతా. కాబట్టి సోడా మడ్డికి హై క్రోమ్ నిశ్చింతగా పనికొస్తుంది. వేడిగా ఉన్నచోట రబ్బరును మరచిపోవాలి. వేడి కాస్టిక్ తగిలే ఉక్కు పైపుల్లో వెల్డింగుల పక్కన పగుళ్లు వస్తాయి, వెల్డు తర్వాత వేడిచేసి ఒత్తిడి తీయించాలి. ఇలాంటి చోట లీకును స్పేర్ల ఖర్చుగా మాత్రమే చూడటం కుదరదు. టెయిలింగ్స్ చెరువు పక్క ఊళ్ల రైతులు తమ బోర్ల నీళ్ల గురించి, అరటి తోటల గురించి ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు.

రాపిడి, తుప్పు కలిసి పనిచేస్తే నష్టం రెండింటి మొత్తం కంటే ఎక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీదుండే కంటికి కనపడని ఆక్సైడు పొర. రేణువులు ఆ పొరను గీకుతూ పోతే లోహం మళ్లీ పొర కట్టుకునేలోగా రసాయనం కొరుకుతుంది. దానికి క్లోరైడు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. రాయలసీమ బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. నీటి కరువు వల్ల వాడిన నీటినే తిప్పి తిప్పి వాడతారు, ఆవిరైన కొద్దీ క్లోరైడు చిక్కబడుతుంది. ‘ఎస్‌ఎస్ వేశాం, భయం లేదు’ అనే మాట ఇక్కడ పూర్తిగా నమ్మదగింది కాదు. కర్నూలు పక్కన ఉప్పునీటి నుంచి కాస్టిక్ సోడా తీసే పరిశ్రమ ఉంది. ఆ తరహా ఫ్యాక్టరీల్లో ఉప్పునీటిని శుద్ధి చేసేటప్పుడు దిగే మడ్డి మెత్తటిది, మేకుతో గీయొచ్చు. దాన్ని మోసే నీరు మాత్రం చిక్కటి ఉప్పునీరు. అక్కడ గట్టి ఇనుముతో పనిలేదు, రబ్బరు లైనింగో ప్లాస్టిక్కో చాలు. క్లోరిన్ కలిసిన ఉప్పునీటికైతే టైటానియం దాకా వెళ్తారు.

మంగంపేట ముగ్గురాయిది ఇంకో కథ. ప్రపంచంలోనే పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి అక్కడుంది, తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ. ఆ పొడి చమురు బావుల డ్రిల్లింగు మడ్డిలో కలుస్తుంది. మోస్ లెక్కలో 3 దాటి మూడున్నర లోపే, నాపరాయంత మెత్తన. సాపేక్ష సాంద్రత మాత్రం 4.2, నాపరాయికి 2.7. తూకంలో సగం పొడి, సగం నీళ్లు కలిపితే నాపరాయి మడ్డి సాంద్రత 1.46 వస్తుంది, ముగ్గురాయి మడ్డిది 1.62. కేసింగ్ అరగలేదు కదా అని నీళ్ల లెక్కతో మోటారు వేస్తే మోటారు కాలుతుంది. వేగం తగ్గితే పొడి పైపు అడుగున పేరుకుంటుంది.

బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల గుంటల్లో తెల్లటి నాపరాతి మడ్డి ఉంటుంది. అది మెత్తన, నీళ్లు కాస్త క్షారం. అక్కడ చవక పోత ఇనుప పంపే సరైన పంపు, హై క్రోమ్ అమ్మజూపినవాడిని నవ్వి పంపేయొచ్చు. పాలిష్ రాళ్ల నుంచి ఊడే కార్బొరండం రేణువులు ఉంటే మాత్రం కథ మారుతుంది, అవి క్వార్ట్జ్ కంటే గట్టివి. గుంటను రెండు గదులు చేసి బరుకు మొదటి గదిలోనే దిగిపోయేలా చూస్తే లోహం మార్చాల్సిన అవసరం రాదు.

చివరికి మిగిలేది గ్లాండ్, ఈ కరువు సీమలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టే చోటు. షాఫ్టు బయటికి వచ్చే దగ్గర మడ్డి చొరబడకుండా పంపు లోపలి ఒత్తిడి కంటే కాస్త ఎక్కువ ఒత్తిడితో శుభ్రమైన నీరు ఎక్కించాలి. పెద్ద పంపుకు నిమిషానికి పదుల లీటర్లు పోతాయి. బోరు నీళ్లు ఎక్కిస్తే సున్నం పేరుకుని ప్యాకింగు రాయవుతుంది, స్లీవ్ మీద గాడి పడుతుంది. నీళ్లు అక్కర్లేని ఎక్స్‌పెల్లర్ గ్లాండ్ ఉంది. ఇంపెల్లర్ వెనక ఇంకో చిన్న ఇంపెల్లర్ తిరిగి మడ్డిని వెనక్కి విసురుతుంది. కాస్త కరెంటు ఎక్కువ తాగుతుంది, ఇక్కడ ఆ బేరం లాభమే. అయితే సక్షన్ వైపు ఒత్తిడి పెరిగితే అది చేతులెత్తేస్తుంది. బూడిద పంపులు వరుసలో ఉన్నప్పుడు మొదటి దానికి ఎక్స్‌పెల్లర్ సరిపోతుంది. రెండో దానికి, మూడో దానికి మొదటి పంపు ఒత్తిడి సక్షన్‌లోనే వచ్చి తగులుతుంది కాబట్టి వాటికి నీళ్ల గ్లాండే గతి. ఆ రెండింటికీ మెత్తబరచిన నీటి లైను విడిగా వేసి, స్లీవ్‌లకు టంగ్‌స్టన్ కార్బైడు పూత పట్టించుకోవాలి.