గుంటలో పుట్టిన కుండ

ఎండాకాలం శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి పక్కన, మేడ్చల్ దారిలోనూ కుండలు పేర్చి అమ్ముతుంటారు. కొనేవాళ్ళు ముందు కుండను చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో తడతారు. ఖంగుమంటే ఇంటికి తెచ్చుకుంటారు, మొద్దుగా పలికితే పక్కన పెడతారు. ‘కుండ’ అనే మాటనూ అలాగే ఒకసారి తట్టి చూడాలి. అది కూడా ఖంగుమనే మాటే.

సంస్కృతంలో కుండమంటే పాత్ర, గుంట, నీటిమడుగు. తమిళంలో ‘కుండు’ అంటే లోతు. మన కుంట, గుంట, గుండం ఈ మాటలకు దగ్గరివే. వేములవాడ రాజన్న సన్నిధిలోని కోనేరు ధర్మగుండం. సంస్కృత కుండమే ద్రావిడ భాషల నుంచి వెళ్ళిందని భావించిన పండితులున్నారు. ఎటునుంచి ఎటు నడిచినా ఈ మాటలన్నిటిలో ఉన్నది ఒకటే: నీళ్ళు నిలిచే లోతు. కుమ్మరి చెరువులో మట్టి తవ్వినచోట గుంట మిగులుతుంది, ఆ మట్టే కుండగా లేస్తుంది. నేల మీది లోతును చంకనెత్తుకుని ఇంటికి తెచ్చుకునేలా చేసినవాడు కుమ్మరి. అతని పేరు కుంభకారుడి నుంచి వచ్చింది.

ఆ పనితనం దగ్గరగా చూడదగ్గది. బంకమట్టిని ఎండబెట్టి, నానబెట్టి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, సన్న ఇసుకో బూడిదో కలిపి కాళ్ళతో తొక్కుతారు. ఉత్త బంకమట్టి ఆరేటప్పుడు ముడుచుకుని పగులుతుంది, ఇసుక దాన్ని ఆపుతుంది. సారె మీద లేచేది మూతి, మెడ, మందపాటి గోడ. గుండ్రటి అడుగు అప్పటికింకా రాదు. దారంతో కోసి దించి, కాస్త ఆరాక, లోపల నున్నటి రాయి ఆనించి బయట చెక్కతో కొడతారు. దెబ్బదెబ్బకూ గోడ పలచబడి, కిందికి సాగి, అడుగై మూసుకుంటుంది. లోపలి చెయ్యి కంటికి కనబడదు. రాయి ఎక్కడుందో పైచేతికి తెలియాలి. అంత ఓపికతో చేసింది ఒక్క గుదియ దెబ్బకు పగిలిపోతుందనే ‘కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు’ అన్నారు పెద్దలు.

ఆ గుండ్రటి అడుగు వట్టి అందం కాదు. మూలలు లేవు కాబట్టి మంట సమంగా తగులుతుంది. మూడు రాళ్ళ పొయ్యి మీదా, తలమీది చుట్టకుదురు మీదా చక్కగా కూర్చుంటుంది. ఆవంలో కాలిన గోడలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటిగుండా ఊరే నీరు గ్రాముకు సుమారు 580 కేలరీల వేడిని తీసుకుని ఆవిరవుతుంది, లోపలి నీళ్ళు చల్లబడతాయి.

పని మారితే పేరూ మారుతుంది. నీళ్ళకు రంజన్, కల్లుకు లొట్టి, పశువుల కుడితికి గోలెం, చిన్నదైతే గురిగి, ముంత. పెళ్ళికి కుమ్మరి ఇంటినుంచి రంగులద్దిన ఐరేని కుండలు రావాలి. రెండిళ్ళు ఆడపిల్లలను ఇచ్చిపుచ్చుకుంటే అది కుండమార్పిడి. ఆకాశం తెరిపి లేకుండా కురిస్తే కుండపోత.

శామీర్‌పేట చెరువు కట్టను కాచే తల్లి కట్టమైసమ్మ. ఆ తల్లికి సమర్పించే బోనమంటే భోజనమే. వేపమండలు కట్టి, పసుపు కుంకుమలు పూసి, దీపం పెట్టిన కుండలో అది అమ్మకు చేరుతుంది. చెరువు ఇచ్చిన మట్టి, చెరువు నీటితో పండిన బియ్యం, రెండూ కలిసి చెరువును కాచే తల్లి దగ్గరికి తిరిగి వెళ్తాయి.

ఈసారి ఆ దారిన వెళ్తే కుండను తట్టి చూడటంతో ఆగకండి. బేరమాడే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. రాయి ఆనిన చోట్లన్నీ చిన్న చిన్న పల్లాలై వేళ్ళకు తగులుతాయి. అవి చేసిన చేతి గుర్తులు. వాటికి తగిన ధర ఇవ్వండి.