ముల్కియా ముందు, పానా తర్వాత

మస్కట్‌లో వాదీ కబీర్ సనాయియాలో, అంటే పారిశ్రామిక వాడలో, గ్యారేజీల వెనక్కి వెళితే గోడకు ఆనించిన మోటార్‌సైకిళ్లు వరసగా కనిపిస్తాయి. ఒకదానికి హెడ్‌లైటు ఉండదు. ఇంకొకదాని ఫోర్కు వెనక్కి వంగి ముందు చక్రం ఇంజనుకు తగులుతుంటుంది. చాలావాటికి వెనకాల డెలివరీ పెట్టె బిగించిన క్లాంపులు ఇంకా అలాగే ఉంటాయి. ఒమన్‌లో సరదాకి బండి నడిపేవాళ్లు లేకపోలేదు గానీ, ఊళ్లో రెండు చక్రాల మీద మనకు ఎదురయ్యేది ఎక్కువగా బిర్యానీ పొట్లాలు చేరవేసే కుర్రాళ్లే. అందులో మనవాళ్లూ ఉన్నారు.

వారమంతా ఆఫీసులో లెక్కల పుస్తకాలతో కుస్తీ పట్టే నాకు శనివారం నాడు చేతికి కాస్త గ్రీజు అంటకపోతే తోచదు. ఇన్సూరెన్సు వాళ్లు ‘టోటల్ లాస్’ అని చేతులు దులిపేసుకున్న బండిని చట్టప్రకారం మళ్లీ రోడ్డెక్కించడం నాకు పట్టుకున్న పిచ్చి. మా ఆవిడ దీన్ని పిచ్చి అని కూడా అనదు, ఇంకా ఘాటైన మాటే వాడుతుంది.

అసలు టోటల్ లాస్ అంటే ఏమిటో మన దేశపు లెక్కతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. లక్ష రూపాయల బండికి మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తుంటే 40 శాతం తరుగు తీసేస్తారు. పాలసీలో దాని విలువ 60 వేలు. రిపేరు ఖర్చు అందులో 75 శాతం, అంటే 45 వేలు దాటిందంటే కంపెనీ దృష్టిలో బండి పోయినట్టే. షోరూం ధరకు ఫోర్కు, అల్లాయ్ చక్రం, ట్యాంకు, మీటరు, హెడ్‌లైటు వేసి, దానిపైన కూలీ రాస్తే అంకె చాలా దూరం వెళుతుంది. అదే బండి ఇంజను చెక్కుచెదరకుండా ఉండొచ్చు, ఒక్క కిక్కుకు స్టార్టు కావచ్చు. ఇది లెక్కల మనిషి ఇచ్చిన తీర్పు, మెకానిక్ ఇచ్చింది కాదు. నేనూ లెక్కల మనిషినే కాబట్టి ఆ తీర్పు మీద నాకు గౌరవముంది, అనుమానమూ ఉంది.

ఒమన్‌లో ఇంకో మెలిక ఉంది. 34/94 రాజశాసనంతో వచ్చిన వాహన బీమా చట్టం ప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. చిన్న బండ్లకు దాని పైన కట్టేవాళ్లు తక్కువ. కాబట్టి తప్పు మనదే అయితే మన బండికి పైసా రాదు, టోటల్ లాస్ అనే ప్రస్తావనే ఉండదు. బండి గోడకు చేరుతుంది, ముల్కియా, అంటే ఇక్కడి రిజిస్ట్రేషన్ కార్డు మాత్రం గడువు తీరేదాకా బతికే ఉంటుంది. తప్పు ఎదుటి కారువాడిదైతే కథ వేరు. వాడి కంపెనీ మన బండి విలువ కట్టిచ్చి తుక్కును తను తీసుకుంటుంది, లేదా తుక్కు ధర మినహాయించుకుని బండిని మనకే వదిలేస్తుంది. గోడ దగ్గర రెండు బండ్లూ ఒకేలా కనిపిస్తాయి. కొనేవాడికి మాత్రం రెండూ రెండు లోకాలు.

నేను శనివారాలు వెళ్లే షెడ్డులో మెకానిక్ జగిత్యాల వైపు మనిషి. ఎంత మంచి బండి చూపించినా ముందు కూర్చోడు, కిక్కు కొట్టడు. “అన్నా, ముందుగాల కాయితం జూపియ్యి. బండి ఏడికి పోదు” అంటాడు. అతని ప్రశ్నలు నాకు కంఠతా వచ్చేశాయి. బండి ఎవరి పేరు మీద ఉంది? డెలివరీ బండ్లు చాలావరకు కంపెనీ పేరునే ఉంటాయి. అప్పుడు నడిపిన కుర్రాడు “నాదే భయ్యా” అన్నా చెల్లదు, కంపెనీ ముద్ర, సంతకానికి హక్కున్నవాడి సంతకం కావాలి. పోలీసుల యాక్సిడెంటు కాయితం ఏదీ? అది లేకుండా గుద్దుకున్న బండి మీద చెయ్యి వెయ్యడానికి అతను ఒప్పుకోడు. జరిమానాలు ఎన్ని బాకీ? అవి కట్టకుండా ముల్కియా కొత్తదవదు. ఇక అన్నిటికన్నా పెద్ద ప్రశ్న: ముల్కియా రద్దయిందా, అయితే ఏ కారణం రాసి రద్దు చేశారు? తుక్కు కింద రద్దయిన బండిని నేను విడిభాగాల కోసమే చూస్తాను. దాన్ని లేపాలనే ఆలోచన పెట్టుకోను. ఈ సంగతి అమ్మేవాడి నోటి నుంచి కాదు, రాయల్ ఒమన్ పోలీసుల ట్రాఫిక్ కౌంటరులో తెలుసుకోవాలి. ఒక్క పూట పని.

కాయితం కుదిరాక నంబరు. హ్యాండిల్ పైపు దూరే మెడ దగ్గర, ఫ్రేము మీద చాసిస్ నంబరు కొట్టి ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో మట్టి తుడిచి, టార్చి పక్కవాటంగా పట్టి చూస్తాం. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. బజాజ్ బండి అయితే ‘ఎమ్‌డీ2’తో, ఇండియాలో తయారైన హోండా అయితే ‘ఎమ్‌ఈ4’తో మొదలవుతుంది. ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో రావు, ఒకటీ సున్నాలతో పొరబడతారని వాటిని ముందే తీసేశారు. ఎక్కడైనా క్యూ కనిపించిందంటే ఇక మాట్లాడే పని లేదు. అక్షరాల చుట్టూ గ్రైండరు గీతలున్నా, రంగు ఒక్క ఆ చోటే కొత్తగా మెరుస్తున్నా మావాడు గుడ్డ కింద పడేసి టీ తాగడానికి పోతాడు.

ఈ చాదస్తం ఊరికే రాలేదు. టోటల్ లాస్ బండి ఆర్‌సీ కొని, అదే మోడల్ దొంగ బండికి ఆ నంబరు కొట్టి అమ్మడం మన దేశంలో పాత దందా. దొంగ బండ్లు విప్పి అమ్మడంలో పేరుమోసిన మీరట్ సోతీగంజ్ బజారును 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. 1988 నాటి మన మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారమైతే ఇక పనికిరాకుండా పోయిన బండి సంగతి యజమాని 14 రోజుల్లో ఆర్టీఓకు చెప్పి ఆర్‌సీ అప్పగించాలి. ఆ పని చేసినవాళ్లు మీకెంతమంది తెలుసు? బ్రిటన్‌లో పద్ధతి నాకు నచ్చుతుంది. 2017 అక్టోబరు నుంచి అక్కడ నాలుగు తరగతులు: ఏ, బీ పడితే బండి మళ్లీ రోడ్డు ఎక్కకూడదు. ఎస్ అంటే ఫ్రేము దెబ్బతింది, బాగుచేసి నడపొచ్చు. ఎన్ అంటే ఫ్రేముకు దెబ్బ లేదు. ఆ అక్షరం చూస్తే చాలు, కొనేవాడికి సగం సంగతి తెలిసిపోతుంది.

అక్షరం లేని చోట మన కళ్లే గతి. మెడ దగ్గర పెయింటు పొలుసుల్లా లేచిందంటే కింద ఇనుము సాగినట్టు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఆగడానికి రెండు వైపులా చిన్న ముక్కలుంటాయి, ఒకటి అణిగిపోయి ఉంటే ముందునుంచి గట్టిగా గుద్దినట్టు. ఫోర్కు గొట్టాలు విప్పి అద్దం పలక మీద దొర్లిస్తాం, వంపు ఉంటే దీపం వెలుతురు కిందనుంచి కనబడుతూ మాయమవుతూ ఉంటుంది. తర్వాత దారం. వెనక చక్రానికి ఆనించి రెండు పక్కలా ముందుకు లాగి, ముందు చక్రానికి అటూ ఇటూ సందు సమానంగా ఉందో లేదో కొలుస్తాం. సందు సమానంగా లేక, ఫోర్కూ చక్రమూ సవ్యంగానే ఉంటే ఇక ఫ్రేమే వంకర. అక్కడితో పని ఆపేస్తాను. వేడిచేసి లాగి సరిచేస్తామనేవాళ్లు సనాయియాలో దొరుకుతారు. నేను ఒప్పుకోను. గంటకు వంద మీద వెళ్లేవాడి ప్రాణం ఆ మెడ మీద ఉంటుంది.

గుద్దుకున్న బండి తన దెబ్బ చూపిస్తుంది, మునిగిన బండి దాచుకుంటుంది. 2007 జూన్‌లో గోను, 2021 అక్టోబరులో షాహీన్ తుపాన్లు ఈ తీరాన్ని ముంచెత్తినప్పుడు ఎన్ని వాహనాలు నీళ్లపాలయ్యాయో ఇక్కడివాళ్లకు గుర్తే. అలాంటి బండిని తుడిచి తళతళలాడిస్తే గీత కూడా కనిపించదు. ఇంజను ఆయిలు మూత విప్పితే పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది. వైరింగు ప్లగ్గు ఊడదీస్తే లోపల పచ్చటి చిలుము. ఉప్పునీరు తగిలిన వైరింగును ఎండబెట్టి వాడుకోవడం దండగ, మొత్తం మార్చాల్సిందే.

బాగుచేసేటప్పుడు మెకానిక్కులు తెలియక చేసే పని ఒకటుంది. నల్ల బండికి ఇంకో బండి ఎర్ర ట్యాంకు చౌకగా దొరికిందని బిగించేస్తారు. ముల్కియాలో రంగు నలుపు. ఇక్కడ రంగు మార్చాలన్నా పోలీసు అనుమతి కావాలి, ఇంజను సంగతి చెప్పనే అక్కర్లేదు. పాసింగుకు, అంటే పోలీసుల తనిఖీకి వెళ్లినప్పుడు లైట్లు, హారను, బ్రేకులు, టైర్లతోపాటు బండి కాయితంలో ఉన్నట్టే ఉందా అని చూస్తారు. టైరు పక్కన నాలుగంకెల ముద్రలో మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. మస్కట్ ఎండకు పాత రబ్బరు గట్టిపడి పగులుతుంది కాబట్టి అచ్చు ఎంత లోతున్నా నేను తేదీయే చూస్తాను. పాసింగు అయ్యాక బీమా, బీమా చేతికొచ్చాక ముల్కియా.

ఇందులో డబ్బు మిగులుతుందా అని మిత్రులు అడుగుతుంటారు. మిగలదు. బండి ధర, భాగాలు, కూలీ, బీమా, ఫీజులు కలిపితే అదే మోడల్ మంచి పాత బండి ధరకు దగ్గరగా వస్తుంది, ఒక్కోసారి దాటుతుంది. లాభం చూపించేవాడు ఈ మెట్లలో ఏదో ఒకటి ఎగ్గొట్టి ఉంటాడు. ఆ ఎగ్గొట్టిన మెట్టు ఫ్రేమో, ముల్కియానో అయితే దాని ఖర్చు ప్రమాదం జరిగిన రోజున ఎదురుగా వచ్చినవాడి మీద పడుతుంది, బీమా చెల్లకపోతే నడిపినవాడి మీదా పడుతుంది. అమ్మేటప్పుడు కూడా, ఇది గుద్దుకున్న బండి, ఇవీ మార్చిన భాగాలు అని రాసి బిల్లులతో ఇస్తాను. ధర తగ్గుతుంది, తగ్గనీ.

ఒమన్‌కు కొత్తగా వచ్చి డెలివరీ పనిలో చేరే మన పిల్లలకు చౌక బండి ఆశ చూపేవాళ్లు రువీలోనూ బర్కాలోనూ దొరుకుతారు. మీకు తెలిసిన కుర్రాడు ఎవరైనా అలా కొనబోతుంటే, రియాళ్లు చేతులు మారకముందే ముల్కియా కాపీ తీసుకుని ట్రాఫిక్ కౌంటరుకు వెళ్లమనండి. వీలైతే మీరూ వెంట వెళ్లండి.