చూచువాని దోషము: ‘హిట్’ మూడవ చిత్రమున బీభత్సము, పరిశోధన

అపరాధ పరిశోధన కథలను మన విమర్శకులు చాలకాలము పండిత పరిషత్తుల వెలుపలనే నిలిపిరి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధరుని ఎరుగని నవలా పాఠకులు ఒక తరమున అరుదు. అయినను ఆ నవలల నిర్మాణమును సాహిత్యశాస్త్ర దృష్టితో పరిశీలించినవారు అంతకన్న అరుదు. ఆ కథ పుస్తకమునుండి తెరకు వచ్చిన పిదప దాని స్వభావమునందే యొక పెద్ద మార్పు కలిగినది. ఆ మార్పును, 2025 మే 1వ తేదీన విడుదలయిన శైలేష్ కొలను చలనచిత్రము ‘హిట్: ది థర్డ్ కేస్’ ఆధారముగా విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. పెద్దలకు మాత్రమే యను ‘ఎ’ ధ్రువపత్రముతో ఈ చిత్రము వెలువడినది. అందలి రక్తపాతము హెచ్చా తగ్గా యని లెక్కించుట మా పని కాదు. ఆ రక్తమును ఎవరు, ఏ దృష్టితో చూచుచున్నారను ప్రశ్నయే మాకు ముఖ్యము.

సంప్రదాయ పరిశోధన కథకు మూలసూత్రము మరుగు. నేరము మరుగున జరుగును. నేరస్థుడు మంచివారి నడుమ మంచివానివలె తిరుగును. పరిశోధకుడు ఆనవాళ్లను పట్టుకొని దాగినదానిని వెలికి తెచ్చును. అంతర్జాలము నాశ్రయించిన వికృతనేరము ఈ సూత్రమును తలక్రిందులు చేసినది. అందు నేరము చూపుటకొరకే జరుగును. హింసించి, ఆ హింసను చిత్రించి పంపువాడొకడు. సొమ్ము చెల్లించియో రహస్య సభ్యత్వము సంపాదించియో దానిని చూచి సంతోషించువారు పలువురు. చూచువారే లేనిచో చేయువానికి ప్రయోజనము లేదు. కావున ఇట్టి కథలో దాగియున్న ముఖ్యవ్యక్తి ప్రేక్షకుడు. పరిశోధకుడు ప్రధానముగా వెదకవలసినదియు అతనినే.

‘హిట్’ మూడవ చిత్రము ఈ సంగతిని గ్రహించియే కథను కల్పించినది. క్యాప్చర్, టార్చర్, కిల్ అను మూడు మాటల తొలి అక్షరములతో సి.టి.కె. యను పేరు పెట్టుకొన్న యొక రహస్యసంఘము డార్క్ వెబ్ చాటున నడచుచుండును. పట్టుకొనుట, చిత్రవధ చేయుట, చంపుట యనునవే దాని వినోదములు. ఆ సంఘమున చేరగోరువాడు నిర్ణీత పద్ధతిలో హత్య చేసి, దాని చిత్రమును సమర్పింపవలెను. నాని ధరించిన అర్జున్ సర్కార్ అను పోలీసు అధికారి ఆ సంఘములో ప్రవేశించుటకై తానును ఆ పద్ధతినే అనుసరించి హత్యలు చేయును; వానిని చిత్రించును. చిత్రారంభమున మనము చూచునది అట్టి హత్యనే. పరిశోధకుడే హంతకుడుగా కనబడు ఈ ఆరంభము పరిశోధన కథకు సాహసోపేతమైన ఎత్తుగడ యనుటలో సందేహము లేదు. ఆ ఎత్తుగడ ఎచ్చటికి దారితీసినదో చూడవలెను.

ముందుగా లక్షణకర్తల దృష్టిని స్మరింతము. బీభత్సమునకు స్థాయిభావము జుగుప్స. రక్తమాంసాదుల వలన కలుగు బీభత్సమును క్షోభజమనియు, క్రిమిమలాదుల వలన కలుగు దానిని ఉద్వేగి యనియు భరతుడు విభజించెను. జుగుప్సకు సహజమైన చేష్ట ముఖము త్రిప్పుకొనుట, ముక్కు మూసికొనుట, అచ్చటనుండి తొలగిపోవుట. సి.టి.కె. సభ్యుని వంటి వికృతాభిలాష గలవానిలో ఈ చేష్ట వ్యతిరేకమగును. జుగుప్స కలుగవలసిన చోట అతనికి రతి కలుగును. తొలగిపోవలసిన దృశ్యమును సమీపించును. ఒకసారి చూచినదానిని మరల మరల కోరును. అనుచితమైన ఆలంబనమును ఆశ్రయించిన రతిని మన ఆలంకారికులు రసాభాసమనిరి. పరస్త్రీ, గురుపత్ని మొదలగు ఉదాహరణములు వారు చెప్పిరి. పరుల వేదనయే రతికి ఆలంబనమగుట దానికి పరాకాష్ఠ. కావున ఇట్టి ఇతివృత్తమును చేపట్టిన కృతికి ఒక కఠిన పరీక్ష కలదు: ఆ ఆభాసమును ఆభాసముగనే చూపి, సామాజికునియందు జుగుప్సను నిలుపగలిగినదా, లేక సామాజికునికి కూడ ఆ ఆభాసమున పాలు పంచియిచ్చినదా?

ఈ పరీక్ష తెలుగువారికి క్రొత్తది కాదు. బెంగుళూరు నుండి గుంతకల్లు పోవు రైలుమార్గమున వరుసగా హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు ఊళ్లు తగులును. ఈ పరిసరముననే దీనికి రెండు పూర్వోదాహరణములు గలవు. ఒకటి నాటకము, ఒకటి స్థలపురాణము.

ఆంధ్రనాటక పితామహుడని ప్రసిద్ధి గాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) ధర్మవరమున జన్మించి, బళ్లారిలో సరస వినోదిని సభను స్థాపించి నాటకములు ప్రదర్శించెను. ఆయన ‘విషాద సారంగధర’ తెలుగున తొలి విషాదాంత నాటకముగా గణన కెక్కినది. గౌరన నవనాథ చరిత్రమునను, చేమకూర వేంకటకవి కావ్యమునను అంతకు పూర్వమే ప్రసిద్ధమైన ఆ కథలో, పావురము కొరకు సవతితల్లి చిత్రాంగి మందిరమునకు పోయిన సారంగధరుని ఆమె కామించును. అతడు తిరస్కరింపగా అతనిపైననే నిందమోపును. రాజరాజనరేంద్రుడు కుమారుని కాలు సేతులు నరికింప నాజ్ఞాపించును. ఇందు రసాభాసము కలదు, బీభత్సము కలదు, నేరారోపణము కలదు. లేనిది విచారణ మాత్రమే. పావురము మందిరమునకు ఎట్లు పోయినది, కుమారుడు ఏల పోయెను అని రాజు నెమ్మదిగా అడిగియున్నచో కథయే లేదు. పూర్వకథలో సిద్ధుని మహిమచే అవయవములు మరల వచ్చుట వలన విచారణాలోపమునకు కొంత ఊరట లభించెడిది. రామకృష్ణమాచార్యులు కథను దుఃఖాంతము చేయుటచే ఆ ఊరట తొలగినది. ప్రేక్షకుని మనస్సు ఖండితావయవములయందు గాక, అడుగక తీర్పు చెప్పిన తండ్రియందు నిలిచినది. బీభత్సము ఇచ్చట కరుణమునకు అంగమై తన పని నెరవేర్చినది.

రెండవది హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న లేపాక్షి కథ. అచ్చటి వీరభద్రాలయమును అచ్యుతదేవరాయల కాలమున (1529-1542) నిర్మించినవారు విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు. పెనుకొండ సీమలో విజయనగర ప్రభువుల అధికారిగానున్న విరూపణ్ణ రాజధనమును ఆలయమునకు వ్యయించెనని అభియోగము రాగా, కన్నులు తీయుడని రాజాజ్ఞ వెడలెననియు, అతడు తానే కన్నులు పెరికి గోడకు కొట్టెననియు జనులు చెప్పుకొందురు. అసంపూర్ణమైన కల్యాణమండపము సమీపమున గోడపై గల రెండు ఎర్రని మరకలను నేటికిని చూపుదురు. ఇది చరిత్రయా కాదా యను వివాదము మాకిచ్చట అప్రస్తుతము. కథారచనగా ఇందొక విశేషము గలదు. కన్నులు పెరుకుట యను ఘోరకృత్యము ఎవరికిని కనబడదు. కనబడునది గోడమీది మరక. చూచుటకు వచ్చినవాని చూపు ఆ మరక వద్ద ఆగి, కోల్పోయిన చూపును గూర్చి ఆలోచించును. చూడవచ్చినవాడు తన కన్నులను తాను తడవుకొనును. ఇంత చిన్న జానపదకథ సాధించిన దీనిని కోట్లు వ్యయించిన చిత్రములు సాధింపలేకపోవుట గమనింపదగినది.

నాట్యమున వధ, యుద్ధము మొదలగువానిని ప్రత్యక్షముగా చూపరాదని, ప్రవేశకాదుల ద్వారా సూచింపవలెనని ధనంజయుడు దశరూపకమున చెప్పిన నియమమును కేవల మర్యాదగా భావించుట పొరపాటు. ప్రత్యక్షముగా చూపిన వధ చూచువాని యందు ఏమి చేయునో యను భయము ఆ నియమము వెనుక గలదని మా యూహ.

ఇక మరల ప్రస్తుత చిత్రమునకు వత్తము. సి.టి.కె. సభ్యులు పరుల వధను చిత్రములుగా చూచి ఆనందింతురు. చిత్రము మనకు చూపునదియు వధయే. మనల ననుసరింపజేయు పద్ధతియు ఆనందమే. అర్జున్ సర్కార్ చంపునప్పుడు కెమెరా అతని పరాక్రమమును సేవించును. సంగీతము అతని అడుగులకు తాళము వేయును. సంఘసభ్యులందరు ఒకచోట చేరిన పిదప జరుగు చివరి భాగము వినోదక్రీడగనే సాగును. సంఘము తన సభ్యునికి ఇచ్చు అనుభవమునకును, చిత్రము తన ప్రేక్షకునికి ఇచ్చు అనుభవమునకును గల భేదము ఒక్కటే: ఇచ్చట చచ్చువారు చావదగినవారని మనకు ముందే చెప్పబడినది. ఆ ఒక్క హామీ లభించిన పిదప మన జుగుప్స సెలవు తీసికొనును. దాగిన ప్రేక్షకుని వెలికి తీయుటకు బయలుదేరిన చిత్రము, మరియొక ప్రేక్షకసమూహమును నిర్దోషులుగా కూర్చుండబెట్టి ముగిసినదని చెప్పవలసి వచ్చుచున్నది.

ఈ మార్పు ఈ చిత్రమాలికలోనే క్రమముగా జరిగినది. 2020 ఫిబ్రవరి 28న వచ్చిన మొదటి చిత్రమున విశ్వక్ సేన్ ధరించిన విక్రమ్ పూర్వానుభవముచే గాయపడిన మనస్సు గలవాడు. మంటను చూచినంతనే చలించును. చూచుట అతనికి మూల్యము గల కార్యము. 2022 డిసెంబరు 2న వచ్చిన రెండవ చిత్రమున అడివి శేష్ ధరించిన కృష్ణదేవ్ నేరస్థులవి కోడిబుర్రలని తేలికగా పరిహసించును. వేర్వేరు స్త్రీల దేహభాగములను జోడించిన శవమును చూచిన పిదప ఆ పరిహాసము నిలువదు. చూచినది అతనిని మార్చినది. మూడవ చిత్రమున అర్జున్ ఏది చూచినను, ఏది చేసినను చెక్కుచెదరడు. పరిశోధకునికి మొదట గాయము, పిదప గుణపాఠము, చివరకు కవచము లభించినవి. కవచధారి వీరుడు కావచ్చును గాని, సాక్షి కాజాలడు. మృదుల పాత్ర రహస్యము మొదలగు కథాంశములలో దర్శకుని నేర్పు లేకపోలేదు. హంతకుడే అధికారి యను ఆరంభమున గల నైతిక సంకటమును మాత్రము కథ త్వరలోనే విడిచిపెట్టినది. తాను చంపినవారిని గూర్చి అర్జున్ నిద్రలేక గడపిన ఒక్క రాత్రి యున్నను ఈ చిత్రము వేరొక చిత్రమై యుండెడిది.

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లెదుర్కొనిరో చూచుట ఉపయుక్తము. 2008లో వచ్చిన అమెరికా చిత్రము ‘అన్‌ట్రేసబుల్’లో హంతకుడు బందీలను అంతర్జాలమున ప్రదర్శించును, చూచువారి సంఖ్య పెరిగినకొలది బందీ త్వరగా మరణించును. చూచుటయే చంపుట యను సత్యమును యంత్రముగా బిగించిన కల్పన అది. అయినను ఆ మరణములను మనకు కన్నులార చూపుటచే ఆ చిత్రము తన నిందలో తానే చిక్కినది. 2023 నాటి కెనడా చిత్రము ‘రెడ్ రూమ్స్’, పాస్కల్ ప్లాంట్ దర్శకత్వమున వచ్చినది, వేరొక త్రోవ త్రొక్కినది. బాలికలను చంపి అంతర్జాలమున ప్రసారము చేసెనని అభియోగము గలవాని విచారణను ప్రతిదినము చూడవచ్చు యువతి యందలి నాయిక. ఆ హత్యల దృశ్యములు చిత్రమున ఎన్నడును కనబడవు. వినబడును; చూచుచున్నవారి ముఖములు కనబడును. లేపాక్షి గోడమీది మరక చేయు పనిని ఆ ముఖములు చేయుచున్నవి. చూపకుండుట చేతనే చూచువాడు బయటపడెను.

ఇది కేవల కళాచర్చ యని పరిశోధక విద్యార్థులు తలంపరాదు. చూచువాని దోషమును న్యాయశాస్త్రము మన విమర్శకన్న ముందుగా గుర్తించినది. సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27 నుండి అమలులోనికి వచ్చినది. దాని 67బి విభాగము బాలల లైంగిక దోపిడి చిత్రములను తయారుచేసి పంపుటనే గాక, వెదకుటను, దించుకొనుటను కూడ శిక్షార్హము చేసినది. 2024 సెప్టెంబరు 23న సుప్రీం కోర్టు అట్టి చిత్రములను చూచుట, దాచుకొనుట నేరములని తీర్పు చెప్పుచు, వానిని ‘పోర్నోగ్రఫీ’ యను మాటతో వ్యవహరింపరాదనియు, బాలల దోపిడిని, హింసను తెలుపు పదములనే వాడవలెననియు నిర్దేశించెను. ఈ నిర్దేశము భాషావిభాగములవారు ప్రత్యేకముగా గమనింపదగినది. పాత పదము చూచువాని సుఖమును చెప్పును; క్రొత్త పదము పీడితుని బాధను చెప్పును. ఒక పదము మారుటతో కథ ఎవరి వైపునుండి చెప్పబడుచున్నదో మారినది. మన చలనచిత్ర రచయితలు నేర్వవలసిన పాఠము ఇంతకన్న స్పష్టముగా వేరొకచోట లేదు.

వ్యాపారచిత్రము వినోదమునకే గదా, దానిని ఇంత కఠినముగా కొలువనేల యని కొందరు ఆక్షేపింపవచ్చును. దుష్టశిక్షణను చూచి ఆనందించుట ప్రజలకు చిరకాలపు అలవాటు. దక్షయజ్ఞ ధ్వంసకుడైన వీరభద్రుని గుడికట్టి కొలిచినవారము మనము అని వారు చెప్పవచ్చును. ఆక్షేపము విలువగలదే. వీరభద్రుని రౌద్రమును కొలుచువాడు చేతులు జోడించి నిలుచును. తానును ఆ రౌద్రమునకు లోబడినవాడనే ఎరుకతో భయపడును. తెరమీది రౌద్రమునకు ఈలవేయువానికి ఆ ఎరుక లేదు. భయానకమునకు స్థాయియైన భయము తనను గూర్చియే కలుగవలెను. చూచువానికి తనను గూర్చి భయము కలుగు ఘట్టము ఈ చిత్రమున ఒక్కటియు కనరాదు.

తెలుగు అపరాధ పరిశోధన కథ అంతర్జాల యుగమున ప్రవేశించినందులకు ‘హిట్’ మూడవ చిత్రము మంచి సాక్ష్యము. నేరము సంఘముగా మారినదని, చూచువాడు చేయువానికి భాగస్వామి యని అది సరిగా గుర్తించినది. ఆ గుర్తింపును కడదాక నిలుపుకొనక, పరిశోధకునే ప్రదర్శనవస్తువుగా చేసి, చూచువానిని విడిచిపుచ్చినది. సారంగధరుని తండ్రి అడుగవలసిన ప్రశ్న నడుగక చెడెను. ఈ చిత్రము అడిగిన ప్రశ్నకు ఉత్తరము వినక చెడినది. ఇకముందు ఇట్టి కథ వ్రాయబూనువారును, ఇట్టి చిత్రములపై పరిశోధన చేయబూనువారును శవములను లెక్కించుట మాని, ప్రతి దృశ్యమున చూపు ఎవరిదో, ఆ చూపునకు వెల ఎవరు చెల్లించుచున్నారో పరిశీలించినచో, ఈ ప్రక్రియకు విమర్శరంగమున తగిన స్థానము లభింపగలదని మా విశ్వాసము.