వ్యూహభేదనము – గమనవ్యయము

కంప్యూటరుపై వంతులవారీగా ఆడు యుద్ధక్రీడలను బాలుర కాలక్షేపమని త్రోసివేయుట సులభము. కాని వానిలోని ఒక నియమము భారతకథ చదువుకొన్నవారికి క్రొత్తది కాదు. అది నడకకు చెల్లింపవలసిన మూల్యము.

1994లో వెలువడిన పాంజర్ జనరల్ అను ఆటను తీసికొందము. అందు యుద్ధభూమి ఆరుమూలల గళ్ళుగా విభక్తమై యుండును. ప్రతి దళమునకు వంతునకింత నడకయని లెక్క గలదు. మైదానమున కొంచెము, కొండలలోను బురదలోను అధికముగ వ్యయమగును. శత్రుదళమునకు ప్రక్కగడిలో అడుగిడినచో సాధారణముగ ఆ వంతునకు నడక ముగిసినట్లే. శత్రువు కత్తి దూయనక్కఱలేదు. అచట నిలిచియుండిన చాలును. మన పులిజూదములో సయితము వెనుక తోడున్న మేకపై పులి దూకజాలదు గదా! కనుక ఛేదన మనగా ఎదుటి దళమును తొలగించుట మాత్రమే కాదు. ఇరుప్రక్కల పట్టు సడలించి, వెనుకవచ్చువారికి త్రోవ నిలుపుట.

భారతయుద్ధమున పదుమూడవనాటి కథ ఇదియే. అర్జునుని సంశప్తకులు దూరముగ తీసికొనిపోయిరి. అభిమన్యుడు పద్మవ్యూహమును భేదించెను. వెన్నంటి వత్తుమన్న పెదతండ్రులను సైంధవుడు వరబలమున ద్వారముకడనే నిలిపివేసెను. నిర్గమోపాయము తెలియకపోవుటయే బాలుని చావునకు హేతువని తరగతులలో చెప్పుచుందుము. తిక్కన ద్రోణపర్వము చదివిన పిదపయు ఆ మాటయే చెప్పుట న్యాయము కాదని నా యభిప్రాయము. తెఱచిన ద్వారము తెఱచియే యుండినచో నిర్గమవిద్యతో పనియేమి? లోపము ముందు నడచినవానిది కాదు, వెనుక రాలేకపోయినవారిది.

మరునాటి కథ మరింత రసవత్తరము. సూర్యాస్తమయమునకు లోపల సైంధవుని చేరవలెను. ఇన్ని వంతులలో లక్ష్యము సాధింపవలెనని ఆటలలో పెట్టు గడువు ఇట్టిదే. నడుమ గుఱ్ఱములు డస్సెను. అర్జునుడు నేలకు దిగి బాణముతో మడుగు కల్పించెను. కృష్ణుడు అశ్వములకు నీరు పట్టి సేదదీర్చెను. గడువు తఱుముచుండగా నిలుచుట! మన చలనచిత్రములలోని రథాశ్వములు చాలవఱకు ఈ బాధ యెఱుగవు.

2011లో వచ్చిన యూనిటీ ఆఫ్ కమాండ్ అను ఆట నాకు మేలైనదిగా తోచుటకు కారణ మిదియే. అందు సరఫరా తెగిన దళము ఎంత దూరము చొచ్చుకొనిపోయినను క్రమముగా నిర్వీర్యమగును.

బెంగళూరువారికి దీని నిదర్శనము ఊరిలోనే యున్నది. 1791 మార్చి 21 రాత్రి కార్న్‌వాలిస్ సేన కోటగోడకు పడిన గండిగుండ ప్రవేశించెను. ఆ చోటు తెలుపు ఫలకము నేటికిని గోడపై గలదు. దాని నొక్కదానినే చదివినవారు గోడతోడనే యుద్ధము ముగిసెనని భావింపవచ్చును. కాని ఆ సేనయే మే నెలలో శ్రీరంగపట్టణమును సమీపించి, వానలలో ఎడ్లు చచ్చి, తిండి కఱవై, తన పెద్ద ఫిరంగులను తానే పాడుచేసికొని వెనుదిరిగెను. పట్టణముపై మరల దాడి సాగుట 1792 ఫిబ్రవరిలోనే. ఈ దండయాత్రను ఎవరైన ఆటగా కూర్చినచో, ఫిరంగుల బలముకంటె ముందు ఎడ్ల లెక్కను నిర్ణయింపవలసియుండును.